నేల విడిచిన టెండర్లు

ఆసుపత్రిలో శుభ్రత పనికి పిలిచే టెండరు పత్రాన్ని తిరగేస్తే ముందుగా కనిపించేది మనుషుల లెక్క. ఎంతమంది హౌస్‌కీపింగ్ సిబ్బంది కావాలో ఉంటుంది. మరుగుదొడ్లు ఎన్ని, ఓపీ వరండాను రోజుకు ఎన్నిసార్లు తుడవాలి, ఆపరేషన్ థియేటర్ దగ్గర రాత్రి ఎవరుండాలి అన్నవి చాలా పత్రాల్లో ఉండవు. నిరుటి కాగితానికే తేదీ మార్చి పంపితే ఇంతకంటే ఏముంటుంది?

మనుషుల సంఖ్య ముందే తేలిపోయింది. కనీస వేతనాన్ని ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. పీఎఫ్, ఈఎస్‌ఐ రేట్లూ ఖరారైనవే. ఇక కాంట్రాక్టర్లు పోటీ పడటానికి మిగిలింది సర్వీస్ చార్జి ఒక్కటే. సున్నా చార్జికి కూడా పని చేస్తామంటూ బిడ్లు వస్తుంటే వాటిని పరిగణించవద్దని కేంద్ర ఆర్థికశాఖ 2014లో చెప్పింది. దాంతో సున్నా పోయి పైసలు మొదలయ్యాయి. చివరికి 2023లో 3.85 శాతానికి తగ్గకూడదని గీత గీయాల్సి వచ్చింది. ఇప్పుడు ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్ జెమ్‌లో గుంపుగా అందరూ ఆ గీత మీదే నిలబడుతున్నారు. ఎల్-1, అంటే అతి తక్కువ ధరకు పని దక్కించుకునేది, ఎవరో తేల్చడం లాటరీ వ్యవహారమైంది.

ఆ 3.85 శాతంలో ఏముందో చూద్దాం. ఉదాహరణకు నెల జీతం రూ.12,000 అనుకోండి. యజమాని వాటాగా పీఎఫ్ ఖర్చులతో కలిపి 13 శాతం, అంటే రూ.1,560. ఈఎస్‌ఐ 3.25 శాతం, రూ.390. బోనస్ 8.33 శాతం, సుమారు రూ.1,000. మొత్తం రూ.14,950. ఇది 26 రోజుల పనికి. ఆసుపత్రికి ఆదివారం సెలవుండదు కదా! మిగతా 4 రోజులకు రిలీవర్‌ను పెడితే మరో రూ.2,300. అంటే ఒక్క పోస్టుకు రూ.17,250. దానిమీద సర్వీస్ చార్జి రూ.664. బిల్లు మూడు నెలలు ఆగితే ఏడాదికి 12 శాతం వడ్డీ లెక్కన రూ.517 అక్కడే హరించుకుపోతుంది. మిగిలేది రూ.147. సూపర్‌వైజర్ జీతం, యూనిఫాం, బ్యాంకు గ్యారంటీ ఖర్చు, లాభం అన్నీ అందులోనే సర్దుకోవాలి.

సర్దుకోవు. అందుకే రిలీవర్ కాగితం మీదే ఉంటాడు. ఉన్న ఆయమ్మే రెండు షిఫ్టులు చేస్తుంది. ఫినాయిల్ పలచబడుతుంది. బ్యాంకులో పడిన జీతంలో కొంత నగదుగా వెనక్కి ఇవ్వాలన్న ఒత్తిడీ వస్తుంది. కాంట్రాక్టర్ల దురాశ లేదని కాదు. అయితే ఆ బిడ్ నిజాయితీగా నడవదని దాన్ని ఆమోదించిన అధికారికి మాత్రం తెలియదా?

పనిని కొలిచి వెల కట్టే పద్ధతి కొత్తదేమీ కాదు. శుభ్రతా రంగంలోని అంతర్జాతీయ సంఘం ఇస్సా 612 రకాల పనులకు ఒక్కోదానికి పట్టే సమయాన్ని పుస్తకంగానే వేసింది. ఆ అంకెలు మన వార్డులకు అతకవు. పడక చుట్టూ బంధువులు, వరండాలో చాపలు, మధ్యాహ్నం ఆగిపోయే నీళ్లు ఏ విదేశీ పట్టికలోనూ ఉండవు. అందుకే బిడ్‌కు ముందు భవనమంతా తిరిగి చూడటం తప్పనిసరి కావాలి. ఉదయం తొమ్మిదింటికి, ఓపీ కిక్కిరిసి ఉన్నప్పుడు. చోటు, దానికి పట్టే సమయం, షిఫ్టులు, రిలీవర్లు, సామగ్రి ఇవన్నీ చూపే లెక్క ప్రతి బిడ్‌తోనూ జతపరచాలి. టెండరు పిలిచే శాఖ తన అంచనాను కూడా బయటపెట్టి, దానికి బాగా తక్కువగా వచ్చిన బిడ్‌కు వివరణ అడగాలి. బిల్లు ఆలస్యమైతే వడ్డీ చెల్లించే షరతు కూడా ఒప్పందంలో ఉండాలి. కాంట్రాక్టరు జీతాలు ఎగ్గొడితే చెల్లించాల్సింది పని చేయించుకున్న సంస్థేనన్నది 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం కాలం నుంచీ ఉన్న నియమమే. టెండరులో ఆదా చేశామనుకున్న డబ్బు అప్పుడు మళ్లీ ఖజానా నుంచే కట్టాలి.