సచివాలయాల కంప్యూటర్లకు కొన్న రోజే చివరి తేదీ రాయండి: లేపాక్షి మండలం నుంచి వినతిపత్రం

శ్రీ సత్యసాయి జిల్లా కలెక్టర్ గారి సముఖమునకు,
పుట్టపర్తి.

విషయం: గ్రామ సచివాలయాల డెస్క్‌టాప్ కంప్యూటర్ల కొనుగోలు, మరమ్మతు, తొలగింపు మూడింటికీ కలిపి ఒకే ప్రణాళిక, ఒకే పద్దు ఏర్పాటు చేయాలని లేపాక్షి మండల సచివాలయ ఉద్యోగుల విన్నపం.



2019 అక్టోబర్ 2న రాష్ట్రంలో గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. వాటి వెనకే డెస్క్‌టాప్‌లు, ప్రింటర్లు, యూపీఎస్‌లు వచ్చాయి. గ్రామాల్లో, పట్టణాల్లో కలిపి సుమారు 15 వేల సచివాలయాలకు ఇంచుమించు ఒకే కాలంలో వచ్చిన యంత్రాలివి. అందుకే ఇప్పుడు అన్నీ ఒకేసారి ముసలివయ్యాయి. వారంటీ తీరాక వీటిని ఎవరు బాగుచేయాలి, ఏ ఏడాది వీటిని పక్కన పెట్టి కొత్తవి తేవాలి అనే రెండు ప్రశ్నలకు మా బల్లల మీదికి వచ్చిన ఏ కాగితంలోనూ జవాబు లేదు. ఆ జవాబు రాతపూర్వకంగా ఇప్పించమని అడగడానికే తమరి ముందుకు వచ్చాం.

సిస్టమ్ ఆగితే ఆగేది మా పని ఒక్కటే కాదు. జూన్ వచ్చిందంటే కాలేజీ అడ్మిషన్లకు కుల, ఆదాయ ధ్రువీకరణ పత్రాల కోసం పిల్లలు వస్తారు. అదే నెలలో వేరుశనగ విత్తడానికి ముందు బ్యాంకు అప్పు కోసం రైతులు 1-బి, అడంగల్ భూమి కాగితాలు అడుగుతారు. మల్బరీ వేసిన రైతు సంగతి ఇంకా ఇరుకు. పట్టుగూళ్లు చేతికొచ్చాక హిందూపురం మార్కెట్‌కు వెళ్లే రోజును అతను వాయిదా వేయలేడు. గూడు తొలుచుకుని రెక్కల పురుగు బయటికొస్తే దారం తెగిపోయి గూటికి ధర ఉండదు. అలాంటి మనిషికి ‘సిస్టమ్ పని చేయడం లేదప్పా, రేపు రా’ అని చెప్పాల్సి రావడం మాకు తలవంపులుగా ఉంటోంది. ఆ మాట విన్నవారు మమ్మల్ని తిట్టడం లేదు, అలవాటు పడిపోయారు. అదే మాకు మరీ బాధ.

ఈ యంత్రాలు ఎందుకు పాడవుతున్నాయో దగ్గరుండి చూసినవాళ్లం కాబట్టి చెబుతున్నాం. గత వేసవిలో ఒక సచివాలయంలో మాటిమాటికీ ఆగిపోతున్న సీపీయూ మూత విప్పించాం. ప్రాసెసర్ మీది ఫ్యాన్ రెక్కలకు ఎర్రమట్టి దుమ్ము మెత్తటి పొరగా పేరుకుంది. దాని కిందున్న అల్యూమినియం పలకల సందులు పూర్తిగా పూడుకుపోయాయి. గాలి ఆడక ప్రాసెసర్ వేడెక్కి తనంతట తానే ఆగిపోతోంది. బ్రష్‌తో దులిపి, బ్లోయర్ పెట్టి, థర్మల్ పేస్టు మార్చి, పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేస్తే, ఆన్ చేసి టీ తాగి వచ్చినా తెరుచుకోని సిస్టమ్ నిమిషం లోపే తెరుచుకుంది. అంతకు ముందు దాన్ని కండెమ్ చేయాలనే అనుకున్నారు.

రెండో సంగతి యూపీఎస్ బ్యాటరీ. ఇలాంటి సీసం బ్యాటరీలు మామూలుగా మూడు నాలుగేళ్లకు మించి రావు. 25 డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీల వేడికీ వాటి ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందని బ్యాటరీ పనివాళ్లందరికీ తెలుసు. మా ఎండల్లో రేకుల గదిలో ఉన్న బ్యాటరీ ఎన్నాళ్లు వస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. ముందు బ్యాటరీ పోతుంది. వెయ్యి రూపాయల చుట్టూ ఉండే ఆ బ్యాటరీ కొనడానికి పద్దు ఉండదు. ఆ తర్వాత కరెంటు పోయిన ప్రతిసారీ సిస్టమ్ ఉన్నపళంగా ఆగి హార్డ్ డిస్క్ దెబ్బతింటుంది. ఎర్తింగ్ సరిగా లేనిచోట సీపీయూకు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ కాలుతుంది, దాంతో పాటు ఒక్కోసారి మదర్‌బోర్డూ పోతుంది. మా రైతులు బోరు మోటారు కొంటే లో-వోల్టేజీకి అది ఎప్పుడో ఒకప్పుడు కాలుతుందని తెలిసి, రీవైండింగ్ ఖర్చు ముందే లెక్కలో వేసుకుంటారు. కంప్యూటర్ల విషయంలో ఆ లెక్క ఇంతవరకూ జరగలేదు.

ఇంకో తేదీని కూడా తమరి దృష్టికి తెస్తున్నాం. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. ఆ తర్వాత భద్రతా అప్‌డేట్లు కావాలంటే సంస్థలు ఒక్కో యంత్రానికి మొదటి ఏడాది 61 డాలర్ల ధర మీద కొనుక్కోవాలి. ఆ ధర ఏటేటా రెట్టింపవుతుంది, మూడేళ్ల తర్వాత అదీ ఉండదు. విండోస్ 11 వేయాలంటే టీపీఎం 2.0 చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే కనీసం ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలి. మా దగ్గరున్న వాటిలో కొన్ని ఈ షరతులకు సరిపోవచ్చు, కొన్ని సరిపోకపోవచ్చు. అన్నిటినీ ఒకే గాటన కట్టి తీసేయవద్దు, ఒక్కొక్కటీ పరీక్షించి తేల్చమని మనవి. సరిపోని వాటికి సీ-డాక్ తయారు చేసిన బాస్ లినక్స్ లాంటిది వేసే వీలుందా అన్నదీ చూడవచ్చు. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏళ్ల తరబడి లినక్స్ మీదే నడుస్తున్నాయి. అయితే మా వేలిముద్ర పరికరాలు, ప్రింటర్లు దానితో కలిసి పనిచేస్తాయో లేదో ముందు ఒక సచివాలయంలో నడిపి చూశాకే మిగతా చోట్లకు పంపాలి. ప్రజల ఆధార్ వివరాలు, భూమి వివరాలు తెరిచే యంత్రం రక్షణ లేకుండా ఇంటర్నెట్‌కు తగిలి ఉండటం సచివాలయంలో ఎవరికీ క్షేమం కాదు.

పై కారణాల వల్ల మా కోరికలివి.

ప్రతి యంత్రానికీ ఒక పేజీ ఉండే రిజిస్టర్ కావాలి. ఇప్పుడు స్టాక్ రిజిస్టర్‌లో ‘డెస్క్‌టాప్ కంప్యూటర్’ అని ఒక్క వరుసలో ఎక్కించి వదిలేస్తున్నారు. సీరియల్ నంబరు, కొన్న తేదీ, వారంటీ తీరే తేదీ, మార్చిన విడిభాగాలు, ఆపరేటింగ్ సిస్టమ్‌కు మద్దతు ముగిసే తేదీ, యంత్రాన్ని తొలగించాల్సిన సంవత్సరం అన్నీ అందులో ఉండాలి. ఆ చివరి గడిని కొన్న రోజే నింపాలి. మా కోరికలన్నిటికీ ఇదే మూలం. తొలగించే ఏడాది ముందే తెలిస్తే దానికి కావలసిన డబ్బు బడ్జెట్‌లో అడగవచ్చు. తెలియకపోతే యంత్రం చచ్చిన రోజే ఇండెంట్ మొదలవుతుంది.

కొత్తవి కొనేటప్పుడు అన్నీ ఒకేసారి కొనవద్దు. ప్రతి సంవత్సరం ఐదో వంతు చొప్పున మార్చుకుంటూ పోతే ఐదేళ్లలో ఒక చుట్టు పూర్తవుతుంది, ఆరో ఏట మళ్లీ మొదటి వంతు వస్తుంది. ఖర్చు ఏటా సమానంగా ఉంటుంది, ఏ రోజు చూసినా పాత యంత్రాలు కొన్నే ఉంటాయి. ఒకేసారి 15 వేల చోట్లకు కొంటే ఫోటోలకు బాగుంటుంది గానీ మరో ఆరేడేళ్లకు మళ్లీ ఇదే కాగితం పట్టుకుని మా తర్వాతివాళ్లు తమరి తర్వాతివారి దగ్గరికి రావాల్సి వస్తుంది.

కొనుగోలు జెమ్ పోర్టల్‌లో జరిగినా, ఆంధ్రప్రదేశ్ టెక్నాలజీ సర్వీసెస్ ద్వారా జరిగినా, తక్కువ ధర టెండర్ (ఎల్-1) తేల్చేటప్పుడు యంత్రం ధర ఒక్కటే కాక ఐదేళ్ల మరమ్మతు, ఒకసారి బ్యాటరీ మార్పు, చివర తీసుకెళ్లే ఖర్చు కలిపి చూడాలి. వారంటీ ఐదేళ్లు ఉండాలి. మనిషి సచివాలయానికే వచ్చి బాగుచేయాలని టెండర్‌లో రాయాలి. సర్వీసు కేంద్రం హిందూపురం దాటి దూరంగా ఉండకూడదు. కాల్ బుక్ చేసిన రెండు పనిదినాల్లో సిస్టమ్ నడవాలి, లేకపోతే బదులు యంత్రం పెట్టాలి.

ఆ బదులు యంత్రం కోసమే మండల పరిషత్ కార్యాలయంలో రెండు మూడు స్పేర్ సిస్టమ్‌లు, కొన్ని ఎస్ఎంపీఎస్‌లు, బ్యాటరీలు, కీబోర్డులు ఎప్పుడూ నిల్వ ఉంచాలి. మండలానికి ఒక హార్డ్‌వేర్ టెక్నీషియన్‌ను నియమించాలి, ఏడాదికి రెండుసార్లు దుమ్ము దులిపే పని అతని విధుల్లో చేర్చాలి. చిన్న మరమ్మతులకు సచివాలయానికి ఏటా కొంత మొత్తం ముందుగానే ఇవ్వాలి. టోనర్ రీఫిల్‌కు, మౌస్‌కు ఉద్యోగులు తమ జేబులోంచి పెట్టుకునే పద్ధతి ఆగాలి.

ఇక తొలగింపు గురించి కొంచెం విడమరచి చెప్పాలి. పాత సీపీయూలు గదిలో మూలన పడి ఉంటాయి. ఎప్పుడో ఒక రోజు వేలంలో గుజిరీకి వెళతాయి. వాటి హార్డ్ డిస్కుల్లో ఏం ఉందో ఎవరూ చూడరు. స్కాన్ చేసిన ఆధార్ కార్డులు, బ్యాంకు పాస్ పుస్తకాలు, భూమి కాగితాలు, వైకల్య ధ్రువీకరణ పత్రాలు అందులో ఉంటాయి. ఫైళ్లు డిలీట్ చేసినా, మామూలుగా ఫార్మాట్ చేసినా అవి పూర్తిగా పోవు, చేతనైనవాడు మళ్లీ బయటికి తీయగలడు. 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసింది. ఆ స్ఫూర్తి ప్రకారమైనా ప్రతి డిస్కునూ మొత్తం తిరగరాయించాలి, లేదా రంధ్రం చేసి ధ్వంసం చేయాలి. ఆ పని జరిగిందని సీరియల్ నంబరుతో సహా ధ్రువీకరణ పత్రం తీసుకుని పైన చెప్పిన రిజిస్టర్ పేజీకి జతచేయాలి.

మిగిలిన యంత్రాన్ని గుజిరీకి అమ్మడం కూడా సరికాదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం ఏడాదిలో కనీసం వెయ్యి ఎలక్ట్రానిక్ పరికరాలు వాడే సంస్థ పెద్ద వినియోగదారు కిందికి వస్తుంది. అది తన వ్యర్థాలను నమోదైన ఉత్పత్తిదారు, రీఫర్బిషర్ లేదా రీసైక్లర్‌కే అప్పగించాలి. ఇన్ని వేల సచివాలయాలున్న శాఖ ఆ లెక్కలోకి రాదనుకోలేం. తీగల మీది ప్లాస్టిక్ తగలబెట్టి రాగి తీసే చోట్లకు మన సర్కారు యంత్రాలు చేరకూడదు. బెంగళూరు చుట్టుపక్కల నమోదైన రీసైక్లింగ్ కేంద్రాలున్నాయి, మనకు అది దూరమేమీ కాదు. పనికొచ్చే ర్యామ్‌లు, మానిటర్లు మాత్రం ముందే తీసి మండల నిల్వలో పెట్టుకోవచ్చు. బడులకు ఇవ్వాలనుకుంటే మద్దతు ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, నడిచే యంత్రాన్నే ఇవ్వాలి.

ఇవన్నీ ఒక్క రోజులో జరిగేవి కావని మాకు తెలుసు. కాబట్టి లేపాక్షి మండలాన్ని మొదటి ప్రయోగంగా తీసుకోమని కోరుతున్నాం. రిజిస్టర్ నమూనా ఫారం తమరి కార్యాలయం నుంచి వస్తే, మండలంలోని అన్ని సచివాలయాల యంత్రాల లెక్క, వాటి ప్రాసెసర్, టీపీఎం, బ్యాటరీ, ఎర్తింగ్ స్థితితో సహా, మా డిజిటల్ అసిస్టెంట్లు, ఇంజినీరింగ్ అసిస్టెంట్లు కలిసి నెల రోజుల్లో తీసి ఎంపీడీవో గారి ద్వారా పంపుతారు. వచ్చే ఆర్థిక సంవత్సరం బడ్జెట్ ప్రతిపాదనలు పైకి వెళ్లేలోగా ఆ ఫారం, మరమ్మతులకు తాత్కాలికంగా కొంత నిధి మంజూరు చేయించమని ప్రార్థిస్తున్నాం.

ఇట్లు,
తమ విధేయులు,
లేపాక్షి మండల గ్రామ సచివాలయాల ఉద్యోగులు