రూపాయి ఎరిగినవారికి వర్తక పాఠమా?

ఆస్ట్రేలియా ఆదివాసుల అనారోగ్యం చర్చకు వచ్చినప్పుడల్లా ఒక వాదం ముందు వరుసలో నిలుస్తుంది. మారుమూల పల్లెల్లో ఆర్థిక వ్యవస్థే లేదు. ఉమ్మడి భూమి పోయి సొంత ఆస్తి, భృతి పోయి జీతం వస్తే ఆరోగ్యం వెన్నంటి వస్తుందని దాని సారాంశం. ఆర్థికవేత్త హెలెన్ హ్యూస్ 2007లో వెలువరించిన 'లాండ్స్ ఆఫ్ షేమ్' ఈ వాదానికి పెద్ద దిక్కు. హోవర్డ్ ప్రభుత్వం నార్తర్న్ టెరిటరీలోకి సైన్యాన్ని పంపి, జాతి వివక్ష చట్టాన్ని పక్కన పెట్టి, ఆదివాసుల భృతిలో సగాన్ని తన అదుపులోకి తీసుకున్నదీ ఆ ఏడాదే.

ఈ వాదానికి జవాబు అంతకు ఏడేళ్ల ముందే అచ్చయింది. రిచర్డ్ ట్రడ్జెన్ రచించిన 'వై వారియర్స్ లై డౌన్ అండ్ డై' అనే పుస్తకమది. ఆర్నెమ్ లాండ్‌లో యోల్ంగు ప్రజల మధ్య దీర్ఘకాలం పనిచేసి, వారి భాష నేర్చిన వ్యక్తి ఆయన. వైద్యులు చదవవలసిన పుస్తకం; వారికంటే ముందు ఆర్థిక మంత్రులు చదవవలసిన పుస్తకం.

యోల్ంగులకు వర్తకం కొత్త కాదు. కనీసం 18వ శతాబ్దం నుంచి ఏటా ఋతుపవనాల వెంట మకస్సార్ నావికులు ఆ తీరానికి వచ్చేవారు. చైనాకు ఎగుమతయ్యే సముద్రపు దోసకాయలను పట్టి, ఉడికించి, ఎండబెట్టి తీసుకుపోయేవారు. బదులుగా బట్ట, ఇనుము, బియ్యం, పొగాకు ముట్టేవి. యోల్ంగు భాషలో డబ్బుకు నేటికీ మాట 'రుపియా'. మన రూపాయికి అది దాయాది! ఆ సంబంధాన్ని తెంచింది సోమరితనం కాదు, అప్పుడు ఆ ప్రాంతాన్ని పాలించిన సౌత్ ఆస్ట్రేలియా ప్రభుత్వం. అనుమతులు నిలిపివేయడంతో 1907లో చివరి పడవ తిరిగి వెళ్లిపోయింది. చేతిలోని వ్యాపారాన్ని లాక్కుని, నూరేళ్ల తరువాత వ్యాపారం నేర్పుతామని వచ్చేవారిని ఏమనాలి?

ట్రడ్జెన్ దృష్టిలో అసలు జబ్బు చేజారిన అధికారం. అది మొదట కనిపించేది వైద్యుడి గదిలో. మూత్రపిండం ఏం చేస్తుందో, మందు ఎందుకు మింగాలో తన భాషలో ఎన్నడూ వినని రోగిని మనం 'మాట వినని రోగి' అని రాసి ఫైలు మూస్తాం. ఇది అతిశయోక్తి అనుకునేవారు యోల్ంగు మూత్రపిండ రోగుల గురించి 2002లో మెడికల్ జర్నల్ ఆఫ్ ఆస్ట్రేలియాలో వచ్చిన అధ్యయనాన్ని చూడాలి. రోగికీ సిబ్బందికీ మధ్య అపార్థం అడుగడుగునా ఉంది. అది జరుగుతున్నట్టు చాలాసార్లు ఇరువురికీ తెలియనే తెలియదు. 1940లలో హైమెన్‌డార్ఫ్ ఆదిలాబాదు మార్లవాయిలో గోండు పిల్లలకు గోండిలోనే చదువు మొదలుపెట్టించాడు. బడికి అవసరమైన తల్లిభాష ఆసుపత్రికి ఎందుకు అక్కర్లేదు?

పుస్తకంలో లోపాలు లేకపోలేదు. మిషనరీల కాలాన్ని రచయిత కాస్త మెత్తని వెలుగులో చూపుతాడు. భాష ఒక్కటే అన్నిటికీ తాళంచెవి అనిపించేలా రాస్తాడు. ఒకే ఇంట్లో పదిహేను మంది కిక్కిరిసి ఉంటే రుమాటిక్ గుండె జబ్బును ఎంత చక్కని అనువాదమూ ఆపలేదు. ఇళ్లు కట్టాలి, నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ సూది పడాలి.

అయినా అధికారం గురించి ఆయన చెప్పింది నిజమని అదే ఏడాది, ఆర్నెమ్ లాండ్‌కు చాలా దూరంగా, మధ్య ఆస్ట్రేలియా ఎడారిలో రుజువైంది. కింటోర్‌లో మూత్రపిండాలు పాడైనవారు డయాలిసిస్ కోసం అయినవారినీ నేలనూ విడిచి, 500 కిలోమీటర్లకు పైగా దూరంలోని ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఉండిపోవలసి వచ్చేది. పాపున్యా తులా చిత్రకారులు తమ చిత్రాలను 2000 నవంబరులో సిడ్నీలో వేలం వేయించారు. పది లక్షల డాలర్లకు పైగా వచ్చింది. ఆ సొమ్ముతో తామే నడిపే సంస్థను నెలకొల్పుకుని, 2004లో కింటోర్‌లోనే డయాలిసిస్ ప్రారంభించారు. ఆర్థిక వ్యవస్థ లేదన్న పల్లెలోనే సంపాదనా పుట్టింది, ఆ సంపాదన ఎక్కడికి పోవాలో నిర్ణయించినదీ ఆ పల్లెవారే. అటువంటి మారుమూల డయాలిసిస్‌కు మెడికేర్ పట్టికలో ప్రత్యేక పద్దు దొరకడానికి మాత్రం 2018 దాకా పట్టింది.