తివాచీ కింది తడి

వానాకాలం నడుమ పాత కారు తలుపు తెరిచిన వారిని ముందుగా పలకరించేది ఒక వాసన. గాదెలో ముక్కిన ధాన్యాన్ని తలపించే వాసన అది. యజమాని వంగి తివాచీని చేత్తో తడిమి చూస్తాడు. కాస్త చెమ్మ తప్ప మరేమీ తగలదు. రెండు రోజులు అద్దాలు దించి కారును ఎండలో నిలబెడతాడు. తివాచీ పైభాగం ఆరుతుంది, వాసన తగ్గుతుంది. గండం గడిచిందనుకుంటాడు. నిజానికి అసలు పని అప్పటికి మొదలే కాలేదు.

కారు తివాచీ ఒక్క పొర కాదు. చాలా పాత కార్లలో పైకి కనిపించే పొర కింద, జనపనారతోనో, గుడ్డపీలికల పీచుతోనో అదిమి చేసిన మందపాటి ఫెల్టు పరచి ఉంటుంది. ఇంజను వేడిని, రోడ్డు చప్పుడును లోపలికి రానీయకపోవడం దాని పని. లెక్కలేనన్ని సన్నని ఖాళీలు ఉండడం వల్లనే అది ఆ పని చేయగలుగుతున్నది. ఆ ఖాళీలే నీటికి కూడా ఆశ్రయమిస్తాయి. తివాచీ వెనుక పూసిన రబ్బరు ఆ నీటిని పైకి ఆవిరి కానివ్వదు. అడుగున ఉన్న ఇనుప రేకు కిందికి దిగనివ్వదు. పైన పటారం, లోన లొటారం అన్న మాటకు ఇంతకంటె చక్కని ఉదాహరణ దొరకదు.

మోసేది ఆ రేకే

నేల రేకు కాళ్ళు ఆనించుకొనడానికి మాత్రమేనని చాలామంది అనుకుంటారు. భారతదేశపు రోడ్లపై దశాబ్దాలు తిరిగిన అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, మారుతి 800 కార్లకు లారీకి ఉన్నట్లు విడి చట్రం లేదు. నేల రేకు, తలుపుల కింద పెట్టెల వలె ఉండే గడపలు, పైకప్పును నిలిపే స్తంభాలు అన్నీ అతికి ఒకే గుల్లగా చేసిన శరీరమే బరువును మోస్తుంది. సీట్లను బిగించిన బోల్టులు నాటుకొని ఉన్నదీ ఆ నేలలోనే. నేల బలహీనపడితే కారు అందం కాదు, అందులో కూర్చున్నవారి క్షేమమే ప్రమాదంలో పడుతుంది.

నీరు, గాలిలోని ప్రాణవాయువు కలిసి ఇనుమును తుప్పుగా మారుస్తాయి. తుప్పు తాను తిన్న ఇనుముకన్న ఎక్కువ చోటును ఆక్రమిస్తుంది. అందువల్ల పైనున్న రంగును పెళ్ళగించి, పక్కనున్న మంచి రేకును తడికి అప్పగిస్తుంది. విశాఖపట్నం, చెన్నై, ముంబయి వంటి సముద్రతీరపు ఊళ్ళలో గాలిలోని ఉప్పు ఈ పనిని మరింత వేగిరపరుస్తుంది. అంబాసిడర్, మారుతి 800 కార్ల తయారీ 2014 సంవత్సరంలోనే నిలిచిపోయింది. తలుపును, బంపరును పాత సామాను అంగళ్ళలో వెతికి తెచ్చి మార్చుకోవచ్చు. నేలను అట్లా విప్పి మార్చడం కుదరదు; కోసి, అతకవలసిందే.

నీటి దారి

తివాచీని తీయడానికి ముందు నీరు ఎక్కడినుంచి వచ్చిందో ఆలోచించాలి. వాన కురిసినప్పుడే తడుస్తున్నదంటే అనుమానించవలసిన చోట్లు నాలుగైదు ఉన్నాయి: ముందు అద్దం చుట్టూ ఎండి బీటలు వారిన రబ్బరు, అద్దం దిగువన ఆకులు చేరి పూడిన నీటి దారి, తలుపు చుట్టూ నలిగిన రబ్బరు, డిక్కీ రబ్బరు, నేల రేకులోని రంధ్రాలకు పెట్టిన రబ్బరు బిరడాలు. తలుపు లోపలికి వాననీరు దిగడం సహజమే. అది బయటికి పోవడానికి తలుపు అడుగున చిన్న రంధ్రాలుంటాయి. అవి మట్టితో పూడితే నీరు లోపలి వైపుకు తిరుగుతుంది.

వాన లేకపోయినా, ఏసీ వేసినప్పుడల్లా ముందు సీటు కాళ్ళ దగ్గర తడి చేరితే ఏసీ నీటి గొట్టం పూడి ఉంటుంది. హీటరు ఉన్న కారులో తడి జిడ్డుగా, తియ్యని వాసనతో ఉంటే అది రేడియేటరులో పోసే కూలెంటు కావచ్చు. అది విషం, పిల్లలను, పెంపుడు జంతువులను దూరంగా ఉంచాలి.

విప్పే క్రమం

మొదట బ్యాటరీ నెగెటివు తీగను విడదీయాలి. ప్రతి దశలోను ఫోనుతో ఒక ఫోటో తీసుకొని, విప్పిన మరలను వేరువేరు పొట్లాలలో పేరు రాసి ఉంచితే తిరిగి బిగించేటప్పుడు తికమక ఉండదు. తుప్పు పట్టిన సీటు బోల్టులకు ముందు రాత్రే తుప్పు వదిలించే నూనె పట్టించాలి. తొందరపడి పానాతో బలంగా తిప్పితే బోల్టు తల విరిగిపోతుంది. సీట్లు తీసిన తరువాత గడప పట్టీలు, బెల్టు కింది కొనలు, గేరు కడ్డీ చుట్టూ ఉన్న తొడుగు, చేతి బ్రేకు తొడుగు తీయాలి. గాలి సంచులు ఉన్న కార్లలో సీటు కింది పసుపురంగు తీగల జోలికి పోక, ఆ పనిని మెకానిక్కుకు వదిలివేయాలి.

నీరు పీల్చిన తివాచీ చాలా బరువుగా ఉంటుంది. ఏళ్ళు గడిచినదైతే సులువుగా చిరుగుతుంది. ఇద్దరు మనుషులు అంచులు పట్టి, మెల్లగా చుట్టుకుంటూ బయటికి తేవాలి. ఫెల్టు జిగురుతో అంటుకొని ఉంటే లాగకూడదు. వెడల్పాటి మొండి కత్తితో విడదీయాలి.

ఆరబెట్టే తీరు

తివాచీని పిండకూడదు, మెలితిప్పితే వెనుక పూత పగులుతుంది. ఏటవాలుగా పరచి, పైనుంచి కిందికి అరచేతులతో అదుముతూ నీటిని దింపాలి. నీటిని కూడా పీల్చే వాక్యూం క్లీనరు దొరికితే పని సగమవుతుంది. తరువాత ఆరవేయడానికి పల్లెటూరి నులకమంచాన్ని మించిన సాధనం లేదు. రెండు వైపులా గాలి ఆడుతుంది, బరువు సమంగా పడుతుంది. ఉదయపు ఎండ మంచిదే. నడినెత్తి ఎండలో రోజుల తరబడి ఉంచితే రంగు వెలిసి, రబ్బరు పూత పెళుసుబారుతుంది. ముసురు పట్టిన రోజులలో ఇంటిలో ఫ్యాను కింద ఆరవేయాలి. ఆరబెట్టేది వేడికన్న గాలి ఎక్కువ అని గుర్తుంచుకోవాలి.

తడిసిన గుడ్డలో, పీచులో 24 నుంచి 48 గంటలలోనే బూజు మొదలు కావచ్చు. ఉబ్బసం ఉన్నవారికి అది మరీ చేటు. కాబట్టి ఆలస్యం తగదు. ఆరకముందే తిరిగి పరిచే తొందరా తగదు. తివాచీ ఒక్క రోజులో ఆరినా, ఫెల్టుకు మరికొన్ని రోజులు పట్టవచ్చు. తూకం యంత్రం ఉన్నవారు ఫెల్టును రోజూ తూచి చూడవచ్చు. వరుసగా రెండు రోజులు బరువు తగ్గకుండా నిలిచిందంటే అది ఆరినట్లే.

వరద నీటి సంగతి వేరు. 2005 జూలై 26న ముంబయి శాంతాక్రజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన పడినప్పుడు, 2015 డిసెంబరులో చెన్నై మునిగినప్పుడు, 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచెత్తినప్పుడు వీధులలో నిలిచినది మురుగు కలిసిన నీరు. అట్టి నీటిలో నానిన కారును స్టార్టు చేయకూడదు. తివాచీని చేతి తొడుగులు వేసుకొని సబ్బునీటితో కడిగి ఆరబెట్టవచ్చు. ఫెల్టును మాత్రం పారవేసి, కొత్తది కత్తిరించి వేసుకొనడమే మేలు.

తిరిగి పరిచే ముందు

తివాచీ ఆరుతుండగా నేలను పరీక్షించాలి. చీకటి పడిన తరువాత ఒకరు కారు లోపల ఉండి, మరొకరు బయటినుంచి అడుగున టార్చి వేస్తే సూదిమొనంత చిల్లు కూడా బయటపడుతుంది. పైపై తుప్పును వైరు బ్రష్షుతో, గరుకు కాగితంతో రుద్ది, రెడ్ ఆక్సైడు పూసి, దానిపై రంగు వేస్తే చాలు. స్క్రూడ్రైవరు మొన దిగబడే చోట రంగు పూత మోసమే. అక్కడ వెల్డింగు కావాలి. నేల కింద పెట్రోలు గొట్టం, బ్రేకు గొట్టం పోతుంటాయి గనుక ఆ పని చేయి తిరిగిన టింకరు చేతిలోనే పెట్టాలి.

నీరు వచ్చిన దారిని రూఢి చేసుకొనడానికి నేల బోసిగా ఉన్నప్పుడే అదను. ఒకరు లోపల టార్చితో కూర్చోగా, మరొకరు గొట్టంతో తలుపు అడుగునుంచి మొదలుపెట్టి నెమ్మదిగా పైకి నీరు పట్టాలి. పైనుంచి మొదలుపెడితే కారిన నీరు అన్ని దారులనూ కలిపివేసి, దొంగను దొరకనీయదు. ఆ దారి మూయక తివాచీ పరిస్తే పడిన శ్రమంతా వృథా.

అంతా బిగించిన తరువాత తివాచీ కింద నాలుగు మూలలా పాత వార్తాపత్రిక ముక్కలు పెట్టి ఉంచాలి. తరువాతి పెద్ద వాన వెలిసిన మరునాడు అంచు ఎత్తి వాటిని తీసి చూడాలి. కాగితం కరకరలాడితే కారును నిశ్చింతగా రోడ్డెక్కించవచ్చు. మెత్తబడి ఉంటే, ఏ మూల కాగితం మెత్తబడిందో చూసి వెతుకులాట అక్కడినుంచి మొదలుపెట్టాలి.