కిటికీ పక్కన కుర్చీ

మన ఇళ్ళలో గోడకు వేలాడే పెద్దల పటాలను చూసినప్పుడల్లా నాకొక దిగులు కలుగుతుంది. దండ వెనుక ఉన్న ఆ ముఖం చాలాసార్లు ఏ పెళ్ళి గుంపులోంచో, గుర్తింపు కార్డులోంచో కత్తిరించి పెద్దది చేయించినదై ఉంటుంది. ఫ్లాష్ దెబ్బకు నుదురు జిడ్డుగా మెరిసి, చెంపలు చదునై, వెనుక గోడ మీద తలను అంటుకుని ఒక నల్లటి నీడ కనిపిస్తుంది. ఎనభై ఏళ్ళు బతికిన మనిషి ముఖంలోని ముడతలన్నిటినీ సెకనులో వెయ్యోవంతు మెరుపుతో తుడిచేసి, మిగిలినదానికి చట్రం కట్టించి నమస్కరిస్తున్నాం.

దీనికి విరుగుడు ఖరీదైన కెమెరా కాదు, పగటి వెలుగేనని నా వాదన. (పోర్ట్రెయిట్‌ను ముఖచిత్రం అందామంటే ఆ మాటను పత్రికల అట్టలు ఎప్పుడో కాజేశాయి. ఇక్కడికి రూపచిత్రం అనుకుందాం.)

అయితే పగటి వెలుగు అనగానే మనిషిని తీసుకెళ్ళి ఎండలో నిలబెట్టేవారున్నారు. సూర్యుడు ఎంత పెద్దవాడైనా మన ఆకాశంలో ఆయన వెడల్పు అర డిగ్రీ మాత్రమే. అంత చిన్న దీపం నుంచి వచ్చే నీడలు కత్తితో కోసినట్టుంటాయి. మిట్టమధ్యాహ్నమైతే కళ్ళు గుంటల్లోకి పోయి, ముక్కు కింద నల్లటి మచ్చ పడుతుంది. మబ్బు కమ్మితే ఆకాశమంతా దీపమవుతుంది, నీడ అంచులు కరిగిపోతాయి. ఉదయం, సాయంత్రం ఉండే లేత ఎండకు మనవాళ్ళు నీరెండ అని పేరు పెట్టారు. ఆ మాట ఉన్న భాషలో పుట్టినవాళ్ళం ఫ్లాష్ మీద ఇంతగా ఎందుకు ఆధారపడ్డామో నాకు అర్థం కాదు.

అన్నిటికంటే నాకిష్టమైనది కిటికీ. ఎండ నేరుగా పడని కిటికీలోంచి కనిపించే ఆకాశమే మన దీపం. మనిషి దగ్గరగా కూర్చున్నకొద్దీ ఆ ముఖానికి కిటికీ పెద్దదవుతుంది, నీడ మెత్తబడుతుంది. దూరం జరిగినకొద్దీ నీడ గట్టిపడుతుంది. దగ్గరగా ఉన్నప్పుడు ఇంకొక లాభం, ముఖానికి సరిపడా వెలుగు లోపలి గోడదాకా చేరదు గనుక గోడ మీది క్యాలెండరు, కుక్కరు కంపెనీవాడి గడియారం వాటంతట అవే చీకట్లోకి తప్పుకుంటాయి. నీడ వైపు మరీ నల్లబడితే ఒక తెల్ల పంచెనో థర్మాకోల్ పలకనో అడ్డంగా పట్టుకుంటే సరిపోతుంది.

ఉత్తరపు కిటికీ ఉత్తమమని ఐరోపా పుస్తకాలు చెబుతాయి. ఆ అక్షాంశాల్లో అది నిజం. మన దగ్గర ఈ సూత్రానికి సవరణ కావాలి. హైదరాబాదులో మే 9 ప్రాంతంలోనూ, మళ్ళీ ఆగస్టు 3 ప్రాంతంలోనూ మధ్యాహ్నం నిలువు కర్రకు నీడ పడదు. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి ఉత్తరాన ఉంటాడు. వేసవిలో ఉత్తరపు కిటికీని గుడ్డిగా నమ్మితే ఎండ లోపలికే వస్తుంది. ఏ నెలలో ఏ గదిలోకి వెలుగు ఎలా వస్తుందో ఇంట్లో బియ్యం ఏరుకునే అమ్మమ్మకు తెలిసినంతగా పుస్తకానికి తెలియదు.

మండువా లోగిలి గురించి చెప్పకుండా ఉండలేను. నడిమధ్య తెరిచి ఉన్న ఆకాశం, సున్నం కొట్టిన గోడలు, చుట్టూ వసారా. వెలుగు పైనుంచి దిగి, గోడలను తాకి, మెత్తబడి వసారాలోకి వస్తుంది. సత్యజిత్ రాయ్ తీసిన ‘అపరాజితో’ (1956) కోసం కాశీలోని ఇంటి లోగిలిని స్టూడియోలో కట్టినప్పుడు, ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర పరచిన తెల్లగుడ్డ మీదికి దీపాలు కొట్టి, తిరిగి వచ్చే కాంతితో ఇలాంటి వెలుగునే సృష్టించాడు. మనవాళ్ళకు ఇంట్లో ఊరికే దొరికినది అది. లోగిళ్ళు పోయి అపార్ట్‌మెంట్లు వచ్చాయి గనుక ఇప్పుడు బాల్కనీ తలుపుతో సరిపెట్టుకోవాలి.

విద్యుద్దీపాలు రాకముందు స్టూడియోలన్నీ పగటి వెలుగు మీదే బతికాయి. ఆరవ నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్ దయాళ్ 1892లో హైదరాబాదులో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచాడు. ఇంగ్లండులో జూలియా మార్గరెట్ కామెరాన్, కలకత్తాలో పుట్టిన ఆవిడే, 1860లలో ఒక కోళ్ళగూటికి గాజు వేయించి స్టూడియో చేసుకుంది. ఆవిడ ముందు కూర్చున్నవారు నిమిషాల తరబడి కదలకుండా ఉండవలసి వచ్చేది. అంతసేపు ఎవరూ నవ్వు నటించలేరు. ఆ ముఖాల్లోని గాంభీర్యానికి అదీ ఒక కారణమని నా అనుమానం.

అసలు సంగతి ఒంటి రంగు. కొడాక్ సంస్థ ఫిల్ము రంగులు సరిచూసుకోవడానికి పంపిన ‘షర్లీ కార్డుల’ మీద దశాబ్దాల పాటు తెల్లజాతి యువతులే ఉండేవారు. 2021లో గూగుల్ తన పిక్సెల్ ఫోనులో ‘రియల్ టోన్’ అంటూ దిద్దుబాటు మొదలుపెట్టడమే, లోపం అంతకాలం సాగిందనడానికి సాక్ష్యం. కెమెరాలోని కాంతిమాపకం ప్రతి దృశ్యాన్నీ మధ్యరకం బూడిదరంగుగా భావిస్తుంది. తెల్ల చొక్కా తొడుక్కున్న చామనఛాయ తాతగారిని చూపిస్తే, తెలుపును తగ్గించబోయి ముఖాన్ని బొగ్గు చేస్తుంది. వెలుగును ముఖం మీదే కొలవాలి, ఫోనులోనైతే ముఖం మీదే వేలు ఆనించాలి. నల్లని చర్మం మీద ఫ్లాష్ తెల్లటి చుక్కలై పేలుతుంది. కిటికీ వెలుగైతే దవడ మీదుగా వెడల్పైన మెరుపుగా జారి ఎముక తీరును చూపిస్తుంది. ఇది తెలియని స్టూడియోలు ముఖానికి తెలుపు పూసి ఇచ్చేవి, ఇప్పుడా పని ఫోనే అడగకుండా చేసి పెడుతోంది. మనవాళ్ళ నలుపును సరిచేయవలసిన తప్పుగా చూడటం నాకు సహించదు.

పగటి వెలుగే సత్యమనీ, దీపాలు అబద్ధమనీ వాదించే మిత్రులతో మాత్రం నేను ఏకీభవించను. కుర్చీని ఎటు తిప్పాలో నిర్ణయించేది నేనే గదా! రాత్రి ముహూర్తపు పెళ్ళిలో ఫ్లాష్ తప్పదు, కనీసం దాన్ని పైకప్పు వైపు తిప్పమంటాను. పగటి వెలుగును నేను కోరుకునే కారణం వేరు. దానికి శబ్దం లేదు, బెదిరింపు లేదు. కూర్చున్నవారు కాసేపటికి కెమెరాను మరచి బయటకు చూస్తారు. కంటిపాపలో కిటికీ చువ్వలతో సహా చిన్నగా కనిపిస్తుంది. వీధిలో ఎవరో పలకరిస్తారు, కూరలబండి వాడితో బేరం మొదలవుతుంది. ఆ బేరం తెగేలోపు నాలుగు చిత్రాలు తీసుకోవచ్చు.