పల్లె మనిషికి నడక కరవు
మైదానం ఉన్నది – మనుషులు లేరు
(మా గ్రామీణ విలేకరి)

కూర్చుండి తింటే కొండలైనా కరుగుతాయని పెద్దలు చెప్పారు. కొండల సంగతి ఏమో గాని, కూర్చుండి తింటే ఒళ్ళు మాత్రం కరగడం లేదు. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పల్లెల్లో నలభై దాటిన వారి ఇండ్లలో ఉప్పు, పప్పుతో పాటు బీపీ బిళ్ళలు, షుగరు బిళ్ళలు కూడా నెలసరి సరుకులైపోయాయి. ఒకనాడు ఇవి పట్నం షావుకార్ల జబ్బులని అనుకునేవారు. నేడు ముప్పై ఏళ్ళు దాటిన వారందరికీ పరీక్షలు చేయడానికి ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఇంటింటికీ తిరగవలసి వస్తున్నది.

దేశం మొత్తం మీద పరిస్థితి ఇలాగే ఉన్నది. భారత వైద్య పరిశోధన మండలి జరిపించిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం పెద్దవారిలో నూటికి 11 మందికి పైగా షుగరు, 35 మందికి రక్తపోటు ఉన్నాయి. 2024లో ప్రచురితమైన ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల లెక్క మరింత ఆలోచింపజేసేది. చాలినంత శారీరక శ్రమ లేని పెద్దలు మన దేశంలో 2000 సంవత్సరంలో నూటికి 22 మంది ఉండగా, 2022 నాటికి 49 మంది అయ్యారు. స్త్రీలలో ఈ సంఖ్య 57. అంటే సగం దేశం కూర్చుండిపోయింది.

ఒళ్ళు వంచే పని ఏమైంది?

మన తాతలు వ్యాయామం చేయలేదు. వారికి ఆ మాటే తెలియదు. మోట కొట్టడం, నాగలి పట్టడం, వరి కోయడం, మోపులు మోయడం, విసురురాయి తిప్పడం, బావి నుండి నీళ్ళు చేదడం – బతుకే వారికి వ్యాయామం. ఆ పనులన్నీ ఒకటొకటిగా మిషన్ల పాలయ్యాయి. దున్నడానికి ట్రాక్టరు, కోయడానికి కోత మిషను, రుబ్బడానికి మిక్సీ వచ్చాయి. ఇంటి ముందుకు నల్లా వచ్చింది. 2018 జనవరి 1 నుండి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చిన తర్వాత అర్ధరాత్రి మోటారు వేయడానికి పొలానికి నడిచే అవసరం తప్పింది. బొగ్గు గనుల్లో తట్టలు మోసిన చోట నేడు యంత్రం మీద కూర్చుండి నడిపేవారు ఉన్నారు. ఊరి చివర హోటలుకు చాయ తాగపోవాలన్నా మోటారు సైకిలు తీస్తున్నారు.

ఇదంతా తప్పని ఎవరూ అనరు. ఆ చాకిరీ నడుములు విరిచిన చాకిరీ. రాత్రి పొలాల్లో పాము కాటుకు, కరెంటు షాకుకు రైతులు బలైన రోజులు మళ్ళీ రావాలని ఎవరూ కోరుకోరు. అయితే పని తగ్గినంతగా కూడు తగ్గలేదు. జొన్న గటక, అంబలి పోయి మూడు పూటలా వరి అన్నమే అయింది. చెమటోడ్చిన నాటి కొలతతోనే నేడూ పళ్ళెం నిండుతున్నది. మిగిలిన తిండి ఎక్కడికి పోతుంది? పొట్టకూ, రక్తానికీ చేరుతున్నది.

అలసట వేరు – కదలిక వేరు

“పొద్దంత పని జేస్తనే ఉన్న, ఇంక నాకు ఎక్సర్‌సైజ్ ఎందుకు?” అనేవారు పల్లెల్లో చాలామంది. పత్తి ఏరే కూలీలకు, నాట్లు వేసే ఆడవారికి ఈ మాట చెల్లుతుంది. వారికి కావలసింది విశ్రాంతి, మంచి తిండి. కాని అందరి పని అలాంటిది కాదు.

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ ప్రాంతాల్లో బీడీలు చేసే అక్కచెల్లెళ్ళను చూడండి. చాట ఒళ్ళో పెట్టుకొని తెల్లవారి కూర్చుంటే పొద్దుగూకేదాకా లేవరు. వెయ్యి బీడీల లెక్కన కూలి గనుక లేస్తే కూలి పడిపోతుంది. సాయంత్రానికి మెడ, నడుము గుంజుతాయి, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. అలసట ఉన్నది, కాని కాళ్ళకు, గుండెకు కదలిక లేదు. కిరాణా కొట్టులో కూర్చునే వారు, ఆటో నడిపేవారు, దర్జీలు, ఆఫీసు గుమాస్తాలు, పొలం కౌలుకిచ్చి అరుగు మీద కాలం గడిపేవారు – అందరిదీ ఇదే తీరు.

దీనికి చక్కని ఉదాహరణ లండన్ బస్సుల్లో దొరికింది. డాక్టరు జెర్రీ మారిస్, ఆయన సహచరులు అక్కడి రవాణా సంస్థలో 35 నుండి 64 ఏళ్ళ మధ్య వయస్సు గల సుమారు 31 వేల మంది కార్మికులను పరిశీలించి 1953లో ఫలితాలు ప్రకటించారు. రోజంతా కూర్చుండి బస్సు నడిపే డ్రైవర్ల కంటే, రెండంతస్తుల బస్సులో మెట్లు ఎక్కుతూ దిగుతూ టిక్కెట్లు కొట్టే కండక్టర్లకు గుండె జబ్బు తక్కువగా వచ్చింది. వచ్చినా ప్రాణాపాయం తక్కువ. బస్సు ఒక్కటే, సంస్థ ఒక్కటే. ఒకరు కూర్చున్నారు, ఒకరు తిరిగారు.

బోర్డులు మిగిలిన క్రీడా ప్రాంగణాలు

ప్రభుత్వం ఏమీ చేయలేదనడానికి లేదు. 2019లో మొదలైన పల్లె ప్రగతి కింద ఊరూరా ప్రకృతి వనాలు వెలిశాయి. 2022లో గ్రామానికొక క్రీడా ప్రాంగణం అన్నారు. స్థలం చూపారు, వాలీబాల్ స్తంభాలు, కసరత్తు కడ్డీలు పాతారు, బోర్డు పెట్టారు. పలు గ్రామాల్లో నేడు బోర్డు మాత్రమే మిగిలింది. గడ్డి మోకాలెత్తు పెరిగింది. సర్కారు భూమి ఎక్కడ దొరికితే అక్కడ ఇచ్చినందున కొన్ని ప్రాంగణాలు ఊరికి దూరంగా గుట్ట పక్కన, చెరువు శిఖంలో పడ్డాయి. 2024 ఫిబ్రవరిలో పంచాయతీ పాలక వర్గాల గడువు తీరి, 2025 డిసెంబరు ఎన్నికల దాకా ప్రత్యేకాధికారుల పాలన సాగడంతో అడిగే దిక్కు కూడా లేకపోయింది.

అయితే గడ్డి కోసినంత మాత్రాన సమస్య తీరదు. ఆ ప్రాంగణం ఊరి పోరగాళ్ళ కోసమని అందరూ అనుకుంటున్నారు. నలభై అయిదేళ్ళ మనిషి అందులో అడుగు పెట్టాలంటే సిగ్గు. కరీంనగర్ అంబేద్కర్ స్టేడియంలో తెల్లవారుజామున నడిచేవారిని ఎవరూ వింతగా చూడరు. పల్లెలో పని లేకుండా నడిస్తే “ఏం పటేలా, పని లేదా?” అని అడుగుతారు. ఆడవారు నడిస్తే ఆ మాట కూడా అడగరు, వెనుక నవ్వుకుంటారు. వీధి దీపం లేకపోవడం, కుక్కలు, రోడ్డు మీద లారీలు కూడా అడ్డంకులే. కాని పెద్ద అడ్డంకి మాత్రం ఈ నవ్వే.

ఈ సిగ్గుకు మందు మన దగ్గరే ఉన్నది. బతుకమ్మ తొమ్మిది రోజులూ ముసలమ్మలు సైతం వంగి లేస్తూ, చప్పట్లు కొడుతూ గంటల తరబడి తిరుగుతారు. ఎవరూ నవ్వరు. ఆదిలాబాద్ గూడేల్లో దీపావళి దండారికి గుస్సాడీలు ఊరి నుండి ఊరికి ఆడుతూ పోతారు. అక్కడా నవ్వే వారు లేరు. కారణం ఒక్కటే – ఊరంతా కలిసి చేస్తారు. ఒక్కడు నడిస్తే వింత, పదిమంది నడిస్తే వాడుక.

బిళ్ళతో సమానమైన నడక

నడకతో ఏమవుతుందనే వారికి చెన్నైలో జరిగిన పరిశోధన జవాబు. షుగరు అంచున ఉన్న 531 మందిని డాక్టరు రామచంద్రన్ బృందం మూడేళ్ళ పాటు పరిశీలించి 2006లో ఫలితాలు ప్రకటించింది. వారి సగటు వయస్సు 46. ప్రత్యేక సలహా ఏమీ ఇవ్వని వారిలో నూటికి 55 మంది షుగరు పాలయ్యారు. రోజుకు అరగంట చురుకైన నడక, తిండిలో మార్పు పాటించమని చెప్పిన వారిలో ఆ సంఖ్య 39. మెట్‌ఫార్మిన్ బిళ్ళ ఇచ్చిన వారిలోనూ దాదాపు అంతే మేలు కనిపించింది. బిళ్ళకు చేసే మేలు కాళ్ళు కూడా చేశాయన్నమాట.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కొలత వారానికి కనీసం 150 నిమిషాలు. అంటే రోజుకు అరగంట, వారానికి అయిదు రోజులు. నడుస్తూ మాట్లాడగలగాలి, కాని పాట పాడేంత ఊపిరి మిగలకూడదు. అదే సరైన వేగం. ఒకేసారి అరగంట కుదరనివారు పూటకు పది నిమిషాలు నడిచినా లెక్కలోకి వస్తుంది. వారానికి రెండు రోజులు కండరాలకూ పని చెప్పాలి. కుర్చీలో నుండి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులానించి ముందుకు వంగి వెనక్కు రావడం చాలు. బీడీలు చేసేవారు కట్ట కట్టినప్పుడల్లా ఒకసారి లేచి ఇల్లు చుట్టి రావాలి.

జాగ్రత్తలు తప్పనిసరి. గుండె జబ్బు, అదుపు లేని బీపీ ఉన్నవారు ముందుగా డాక్టరును అడగాలి. నడుస్తుండగా ఛాతీలో బరువు, కళ్ళు తిరగడం ఉంటే వెంటనే ఆగి ఆసుపత్రికి పోవాలి. షుగరు ఉన్నవారు వట్టి కాళ్ళతో నడవరాదు, జేబులో బెల్లం ముక్క ఉంచుకోవాలి. బిళ్ళలు సొంతంగా మానరాదు. మన ఎండాకాలంలో ఏడు గంటల లోపే నడక ముగించాలి.

కొత్త సర్పంచుల ముందు పని

ఎన్నికై వచ్చిన సర్పంచులకు ఇది ఖర్చు లేని కార్యక్రమం. గడ్డి కోయించడం, ప్రాంగణంలో ఒక దీపం వెలిగించడం, దూరమైన చోట బడి మైదానాన్ని పొద్దున ఒక గంట తెరిపించడం పంచాయతీ చేతిలోని పనులే. పొదుపు లెక్కలకు కలిసే మహిళా సంఘాలు రోజూ అరగంట నడకకు కలవడం కష్టం కాదు. వారితో పాటు సర్పంచి, పంతులు, ఆశా కార్యకర్త ముందు నడిస్తే ఊరి సిగ్గు వారం రోజుల్లో పోతుంది.

ఇంటి పెద్దకు పక్షవాతం వస్తే పోయేది ఒక్క మనిషి ఆరోగ్యం కాదు. హైదరాబాదు ఆసుపత్రి ఖర్చుకు ఎకరమో అరెకరమో అమ్ముడు పోతుంది, కొడుకు చదువు ఆగుతుంది. భూమిని కాపాడుకోవడానికి రైతు ఎన్నో పాట్లు పడతాడు. రోజుకు అరగంట నడక కూడా ఆ పాట్లలో ఒకటని గుర్తిస్తే మంచిది.