పుష్పకు ఇంటిపేరు దొరికింది, మిగతా కూలీల సంగతేంటి?



మన ఊళ్ల నుంచి నల్లగొండ దారిన బస్సెక్కిన పిల్లవాడికి హైదరాబాదు అంటే ముందు ఎల్‌బీ నగర్ చౌరస్తా, ఆ తర్వాత దిల్‌సుఖ్‌నగర్ హాస్టలు. గ్రూప్స్ కోచింగ్ అని కొందరు, కంప్యూటర్ కోర్సు అని కొందరు, మన సంఘాల పిల్లలు అక్కడ గదికి నలుగురు చొప్పున సర్దుకుని ఉంటున్నారు. పండక్కి ఇంటికొచ్చినప్పుడల్లా వాళ్లు నా ముందు పెట్టే పంచాయితీ ఒకటుంది. ‘పుష్ప’ మంచి సినిమానా, చెడ్డ సినిమానా? మొదటి భాగం 2021 డిసెంబరు 17న వచ్చింది. రెండోది 2024 డిసెంబరు 5న వచ్చింది. పంచాయితీ మాత్రం తెగలేదు. అది లోకసంబంధమైనది, చూడొద్దు అని పాస్టరు గారు ఒక్క మాటలో తేల్చేస్తారని పెద్దలు ఎదురు చూస్తారు. నేను ఆ మాట అనను. అలా అన్నందుకు చూడడం మానేసిన యౌవనస్థుడు నాకు ఇంతవరకు కనబడలేదు.

ఈ తగాదా తెగకపోవడానికి కారణం ఉంది. అభిమానులు ఒక మనిషి గురించి మాట్లాడుతున్నారు, విమర్శకులు వేరే మనిషి గురించి మాట్లాడుతున్నారు. ఇద్దరూ మూడో మనిషిని మరచిపోయారు.

విమర్శకుల మాట ముందు చూద్దాం. ఎర్రచందనం దొంగను హీరోగా నిలబెట్టడమేమిటని 2022 ఫిబ్రవరిలో అవధాని గరికపాటి నరసింహారావు గారు టీవీలో మండిపడ్డారు. ‘తగ్గేదేలే’ అనే మాట కుర్రాళ్ల నోట పడి దౌర్జన్యానికి సాకవుతుందని ఆయన బాధ. ఆడపిల్ల నవ్వుకు వెల కట్టడం ఏం ప్రేమ అని ఇంకొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. హీరో హీరోయిన్ల మధ్య ఒక అసభ్యమైన సన్నివేశాన్ని విడుదలైన కొద్ది రోజులకే నిర్మాతలు తీసేశారు కూడా. 2023 ఆగస్టులో అల్లు అర్జున్‌కు జాతీయ ఉత్తమ నటుడి అవార్డు ప్రకటించారు. తెలుగు నటుడికి ఆ అవార్డు రావడం అదే మొదటిసారి. దొంగ వేషానికి పతకమా అన్నారు. ఇది మాత్రం తప్పుడు వాదన. బాగా నటించినవాడికి ఇచ్చారు గాని, ఆ పాత్రకు సత్ప్రవర్తన సర్టిఫికెట్ ఇవ్వలేదు.

సినిమా చూసే కుర్రాళ్లు చెడిపోతున్నారనే మాట కూడా నాకు సగమే ఎక్కుతుంది. 1989లో ‘శివ’ వచ్చినప్పుడు సైకిల్ చైను మీద ఇదే మాట విన్నాం. దిల్‌సుఖ్‌నగర్‌లో 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం కోణార్క్, వెంకటాద్రి థియేటర్ల దగ్గర బాంబులు పేలాయి. పదిహేడు మందికి పైగా పోయారు. బస్సు కోసం నిలబడినవాళ్లు, మిర్చి బజ్జీల దగ్గర ఆగినవాళ్లు. ఆ రక్తం థియేటర్ల ముందే పారింది గాని, దాన్ని పారించినవాళ్లు ఏ సినిమా చూసీ ఆ పని నేర్చుకోలేదు. దుర్మార్గానికంతా వెండితెరనే పూచీ చేస్తే మిగతావాళ్లు హాయిగా తప్పించుకుంటారు.

ఇక అభిమానుల మాట. దీని దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే చదువుకున్న విమర్శకులు దీన్ని సరిగ్గా వినలేదని నా అభిప్రాయం.

పుష్పరాజు తల్లికి పెళ్లి జరగలేదు. తండ్రి ఇంటిపేరు వాడికి లేదు. నిశ్చితార్థం నాడు సవతి అన్న వచ్చి, పదిమందిలో ఆ మాట ఎత్తి, వేడుకను చెడగొడతాడు. రెండు భాగాల కథా ఆ ఒక్క గాయం చుట్టూ తిరుగుతుంది. మన పల్లెలో గడప దగ్గరికి కొత్తవాడొస్తే అడిగే మొదటి మాట ‘ఎవరి పిల్లగానివిరా?’ రెండోది ‘ఇంటిపేరేంది?’ అడిగేది పేరు కోసం కాదు, ఎక్కడ కూర్చోబెట్టాలో తెలుసుకోవడానికి. బాప్తిస్మమప్పుడు మనవాళ్లు ఎంతోమంది జోసెఫ్‌లయ్యారు, శామ్యూళ్లయ్యారు. రెండో ప్రశ్న ఆగిందా? కొత్తపేట, చైతన్యపురి వీధుల్లో అద్దె గది కోసం తిరిగిన మన పిల్లలను అడగండి. కొందరు ఓనర్లు కులం సూటిగానే అడుగుతారు. కొందరు ‘నాన్‌వెజ్ వండుతారా?’ అని చుట్టు తిప్పి అడుగుతారు. అటువంటి పిల్లవాడు, యజమాని ముందు కాలు మీద కాలు వేసుకున్న ఒక కూలీని తెర మీద చూసి ఈల వేశాడంటే, స్మగ్లింగ్‌కు వేశాడని నేననుకోను. ఆ కాలికి వేశాడు. ఇంటిపేరుతో పుట్టి, ఆ పేరుతోనే కుర్చీ దొరికినవాళ్లకు ఆ ఈల రౌడీయిజంలాగే వినబడుతుంది.

ఇంతవరకు నేను అభిమానుల పక్షమే. ఇక్కడి నుంచి కాదు.

ఎర్రచందనం సహజంగా పెరిగేది శేషాచలం, పాలకొండ, వెలికొండ, నల్లమల ప్రాంతాల్లోనే. చెట్టు కొట్టేవాడు ఒకడు, దుంగ మోసేవాడు ఒకడు, ఓడ ఎక్కించి అమ్ముకునేవాడు ఇంకొకడు. 2013 డిసెంబరులో ఆ కొండల్లో ఇద్దరు అటవీ అధికారులను చంపేశారు. 2015 ఏప్రిల్ 7 తెల్లవారుజామున చంద్రగిరి దగ్గర అడవిలో ఇరవై మంది కూలీలు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఎక్కువమంది తమిళనాడులోని తిరువణ్ణామలై, ధర్మపురి జిల్లాల వాళ్లు. పోలీసులు ఎన్‌కౌంటర్ అన్నారు, మానవ హక్కుల సంఘాలు ఒప్పుకోలేదు. (తమిళులు మనలాగా ఇంటిపేరు రాసుకోరు, తండ్రి పేరు రాసుకుంటారు. పుష్పరాజు అడిగిందీ అదే కదా.) అమ్ముకునేవాడు ఒక్కడైనా ఆ ఇరవై మందిలో లేడు.

సినిమాలో ఈ మనుషులు ఎక్కడున్నారు? పాటలో గుంపుగా ఉన్నారు. లారీ మీద ఉన్నారు. రెండో భాగంలో పుష్ప తన మనుషులను స్టేషన్ నుంచి విడిపించుకుంటాడు, పోలీసులందరినీ డబ్బిచ్చి కొనేసి. హాలంతా చప్పట్లు. కాని అప్పటికి వాడు యజమాని. అది యజమాని దయ. ఒకప్పుడు తాను ఎవరి ముందు కాలు మీద కాలు వేశాడో, ఆ కుర్చీలోనే ఇప్పుడు తాను కూర్చున్నాడు. కథ చివర అన్న వచ్చి తమ్ముడా అని పిలిచి, పెళ్లి శుభలేఖ ఇస్తాడు. ఒక్క కూలీకి ఇంటిపేరు వచ్చింది. దుంగలు మోసే మిగతావాళ్లు దుంగలు మోస్తూనే ఉన్నారు. దొంగను హీరో చేశారన్నది నా ఫిర్యాదు కాదు. ఒక్కడి అవమానం తీరితే అందరి అవమానం తీరినట్టు చూపించారన్నది నా ఫిర్యాదు.

మన గ్రంథంలో ఇదే కథ ఉంది, న్యాయాధిపతులు పదకొండో అధ్యాయంలో. యెఫ్తా వేశ్య కుమారుడు. తండ్రి ఆస్తిలో వంతు లేదని అన్నదమ్ములు తరిమేశారు. టోబు దేశం పోయాడు, పనీపాటా లేనివాళ్లు చుట్టూ చేరారు. యుద్ధం వచ్చేసరికి, తరిమిన ఊరి పెద్దలే నడుచుకుంటూ వచ్చి, నువ్వే మాకు నాయకుడివి అన్నారు. అక్కడ ఆపేస్తే అది ‘పుష్ప’. గ్రంథం అక్కడ ఆపలేదు. గెలిచిన యెఫ్తా నోరుజారి చేసిన మొక్కుబడి వాడి ఒక్కగానొక్క కూతురి మీద పడింది. అమ్మోనీయుల మీద గెలుపును కాస్తలో ముగించి, ఆ పిల్ల కొండల మీద ఏడ్చిన రెండు నెలల సంగతి చెబుతుంది. ఏటా నాలుగు రోజులు ఇశ్రాయేలు ఆడపిల్లలు ఆమెను తలచుకునేవారట. ఆమె పేరైతే అందులో లేదు, ఆమెను తలచుకోవడం ఉంది. యెఫ్తాను దొంగ అని కొట్టిపారేయలేదు, వీరుడని కూతురిని దాచిపెట్టలేదు.

‘సినిమాను సినిమాలాగా చూడండి పాస్టరు గారూ’ అనే పిల్లలతో ఒక మాట. సినిమాను సినిమాలాగా చూసేవాడు మర్నాడు మ్యాటినీకి వెళ్తాడు. 2024 డిసెంబరు 4 రాత్రి తొమ్మిదిన్నర ఆటకు టికెట్ వెయ్యి రూపాయలు దాటింది. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోని సంధ్య థియేటర్‌కు దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక కుటుంబం వెళ్లింది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. కొడుక్కి ఆ హీరో అంటే ప్రాణం. హీరో వచ్చాడని జనం ఎగబడ్డారు. తొక్కిసలాటలో తల్లి చనిపోయింది, పిల్లవాడు నెలల తరబడి ఆసుపత్రిలో పడి ఉన్నాడు. కేసు కోర్టులో ఉంది, తీర్పు చెప్పడం నా పని కాదు. ఆ తర్వాత మనవాళ్లు ఏం మాట్లాడుకున్నారన్నదే నా బాధ. డిసెంబరు 13న హీరోను అరెస్టు చేశారు, హైకోర్టు మధ్యంతర బెయిలిచ్చింది, మర్నాడు పొద్దున బయటికొచ్చాడు. 21న ముఖ్యమంత్రి అసెంబ్లీలో మాట్లాడారు. అరెస్టు రాజకీయమా కాదా, హీరోది తప్పా ప్రభుత్వానిదా, రెండో వారం కలెక్షన్ ఎంత? మృతురాలి ఇల్లున్న దిల్‌సుఖ్‌నగర్‌లోనే, మన పిల్లల హాస్టలు గదుల్లో ఇదే చర్చ. అభిమానులు హీరో పక్షం, విమర్శకులు సర్కారు పక్షం. ఆమె పక్షాన ఎవరున్నారు? ఆమె పేరు నేనిక్కడ రాయను, ఆ ఇంటిని మళ్లీ వీధిలో నిలబెట్టడం నాకిష్టం లేదు. మీలో ఎంతమందికి గుర్తుందో మీరే చూసుకోండి. సినిమా 1,800 కోట్లు దాటిందని నిర్మాతలు ప్రకటించిన లెక్క మాత్రం అందరికీ నోటికి వచ్చు.

ఇది ఆ రాత్రి నేర్చుకున్న అలవాటు కాదు. మూడు గంటలసేపు ఒక్కడి మొహమే చూడడం అలవాటైన కంటికి, హాలు బయట కూడా ఒక్కడే కనబడతాడు.

రెండో భాగం చివర మూడోది వస్తుందని పేరు కూడా వేశారు, ‘ది ర్యాంపేజ్’ అని. మన పిల్లలు వెళ్తారు, నాకు తెలుసు. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో మారి, క్రాస్ రోడ్స్‌లో దిగుతారు. మొదటి రాత్రి వద్దు, ఒక వారం ఆగి వెళ్లండి. చూసొచ్చాక దుంగలు మోసినవాళ్లలో ఒక్కడి పేరు గుర్తుంటే నాకు ఫోన్ చేసి చెప్పండి. కేశవను లెక్కలోకి తీసుకోవద్దు. చెప్పినవాళ్లకు నెల రీచార్జి నేను చేయిస్తాను.