ఓడినోళ్లకి మరుసటి దినం ఆట ఉండాల

ఈ తూరి కొంచెం పొడుగ్గానే రాస్తా ఉండాను. ఓపిక చేసుకొని కడదాకా చదవండి. తిట్టాలనుకొనేవాళ్లు వచ్చే నెల మీటింగుకి వచ్చి ఎదురుగా తిట్టండి, కాఫీ నేను ఇప్పిస్తాను.

విషయం ఏమంటే, సంక్రాంతికి మనం పెడతా ఉండే క్రికెట్ పోటీ. ఒక్క ఆదివారం, పదారు జట్లు, టెన్నిస్ బంతి, ఆరేసి ఓవర్లు. పొద్దున ఏడుకి టాస్, సాయంత్రం ఆరుకి కప్పు, ఆరున్నరకి శాలువాలు. దాన్ని ఆపేసి, కాలేజీ పిల్లకాయలకి ఒక సీజన్ పెట్టాలని నా మాట. అదీ ఆటే, ఇదీ ఆటే, తేడా ఏముంది అంటారు. శానా ఉంది. అది చెప్పాలంటే మిమ్మల్ని కొంచేపు అమెరికాకి తోడుకొని పోవాల.

మన ఇండ్లల్లో ఎందరికో అక్కడ ఒక కూతురో కొడుకో ఉండారు. వాళ్లని అడగండి. ఫిబ్రవరి నడిమికి అక్కడి కాలేజీల్లో బేస్‌బాల్ మొదలైపోతుంది. క్రికెట్ తెలిసినోళ్లకి ఆ ఆట అర్థం చేసుకొనేది కష్టం కాదు. ఒకడు విసురుతాడు, ఒకడు కొడతాడు. తొమ్మిది ఇన్నింగ్సులు, ఇన్నింగ్సుకి మూడు ఔట్లు. కొట్టేవాడు మూడు తూర్లు ఊపి తప్పినా, మంచి బంతిని వదిలినా ఔటు. దాన్ని స్ట్రైక్ఔట్ అంటారు. ఈ మాత్రం తెలిస్తే చాలు.

పైమెట్టులో ఆడే కాలేజీలు సుమారు 300 ఉంటాయి. మే నెల కడ దాకా ఒక్కో కాలేజీ 56 ఆటలు ఆడొచ్చు. అందులో నాకు నచ్చేది ఆ ఆటల్ని పేర్చే పద్ధతి. శుక్రవారం, శనివారం, ఆదివారం మూడు దినాలూ అదే జట్టుతో ఆడతారు. మంగళవారం ఇంకో కాలేజీతో ఒక ఆట. శుక్రవారం పది పరుగుల తేడాతో ఓడినా సరే, శనివారం అదే మైదానంలో అదే మొహాల ముందర మళ్లీ నిలబడాల. ఏడ్చేదానికి ఒక రాత్రి మాత్రమే ఉంటుంది.

మే కడాన 64 జట్లని తీసుకొంటారు. నాలుగేసి జట్లు పదారు చోట్ల ఆడతాయి. రెండు తూర్లు ఓడితేనే బయటికి. అక్కడ గెలిచిన పదారు జట్లు జంటలుగా మూడు ఆటల్లో రెండు గెలవాల. మిగిలిన ఎనిమిది జట్లు నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహా ఊరికి పోతాయి. 1950 నించి కడపటి పోటీ ఆ ఊర్లోనే. అక్కడ కూడా రెండు ఓటములకే బయట, ఫైనల్ మూడు ఆటలు. ఇంత పెద్ద పోటీలో ఒక్క ఓటమితో ఇంటికి పోయే జట్టు ఒక్కటీ ఉండదు. దీన్ని దయాదాక్షిణ్యం అనుకోవద్దండి. బంతీ కట్టే ఆటల్లో ఒక్క దినం ఏమీ తేల్చదని వాళ్లకి తెలుసు. అక్కడి పెద్ద లీగులో 2001లో సియాటిల్ జట్టు 162 ఆటల్లో 116 గెలిచింది. దానికన్నా ఎక్కువ ఒక సీజన్లో ఎవరూ గెలవలేదు. ఆ జట్టు కూడా 46 ఓడింది. అంత గొప్ప జట్టుకే 46 దినాలు కలిసిరాకపోతే, ఆరు ఓవర్ల టెన్నిస్ బంతి ఆటలో మన బాగలూరు పిల్లోడి సత్తా ఒక్క పొద్దులో ఎట్ల తేలుతుంది?

ఇప్పుడు 2019 జూన్ సంగతి చెబుతాను. నాష్‌విల్లోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం, డ్యూక్ విశ్వవిద్యాలయం, ఒమాహాకి పోయే మూడు ఆటల పోరు. మొదటి ఆటలో డ్యూక్ 18, వాండర్‌బిల్ట్ 5. మన పోటీలో అయితే అక్కడితో కథ ముగిసింది. బ్యాట్లు సంచిలో వేసుకొని బస్టాండు దారి పట్టాల్సిందే. అక్కడ మరుసటి దినం, జూన్ 8న, ఇంకో ఆట ఉంది. కుమార్ రాకర్ అని 19 ఏండ్ల మొదటి ఏడాది పిల్లోడికి బంతి ఇచ్చినారు. పేరు చూసి మీకు అనుమానం వచ్చుంటుంది. అవును, తల్లి భారతీయ సంతతి. నాయన ట్రేసీ రాకర్, ఆ దేశపు ఫుట్‌బాల్లో పేరున్నాయన. ఆ రాత్రి కుమార్ 19 మందిని స్ట్రైక్ఔట్ చేసినాడు. డ్యూక్ వాళ్లు కడదాకా ఒక్క హిట్టు కూడా కొట్టలేదు. 3-0. ఆ పైన మూడో ఆటా గెలిచి, ఒమాహాకి పోయి, మిషిగన్ని ఓడించి టైటిల్ కొట్టుకొచ్చినారు. కడపటి పోటీలో మేటి ఆటగాడి బహుమతి కుమార్‌కే.

అతడి కథ అక్కడ ఆగి ఉంటే నేను ఇంత రాయను. 2021లో వాండర్‌బిల్ట్ మళ్లీ ఫైనల్ చేరింది. మూడో ఆటకి బంతి మళ్లీ కుమార్ చేతికే. మిసిసిపి స్టేట్ చేతిలో 9-0తో ఓడినారు. ఆ వచ్చే నెలలోనే న్యూయార్క్ మెట్స్ అతణ్ని పదో వాడిగా ఎంచుకొంది. వైద్య పరీక్షల్లో చేతి గురించి అనుమానం వచ్చిందని ఒప్పందం చేసుకోకుండానే వదిలేసింది. మన పక్క ఇట్ల జరిగితే ఊరంతా ఏమంటుంది? ‘ఆ బిడ్డ పని అయిపోయింది’ అంటుంది. కుమార్ మరుసటి ఏడాది ఒక చిన్న లీగులో బంతి విసిరినాడు. 2022లో టెక్సాస్ రేంజర్స్ మూడో వాడిగా తీసుకొంది. 2023లో మోచేతికి ఆపరేషన్. 2024 సెప్టెంబరులో పెద్ద లీగులో అడుగు పెట్టినాడు.

అమెరికా అంటే అన్నీ ఒప్పు అని నేను చెప్పను. ఆ 19 స్ట్రైక్ఔట్ల రాత్రి కుమార్ 131 బంతులు విసిరినాడు. 19 ఏండ్ల చేతికి అది ఎక్కువని నా లెక్క. డబ్బు సంగతి కూడా మనవాళ్లు అనుకొన్నట్ల ఉండదు. ఆటగాడంటే అక్కడ చదువు ఊరికే అనుకొంటారు. బేస్‌బాల్ జట్టుకి శానా ఏండ్లు 11.7 స్కాలర్‌షిప్పులే ఉండేవి. వాటిని 27 మంది దాకా పంచుకొనేవాళ్లు. 11.7 అనే లెక్క ఏ గుమాస్తా కట్టినాడో గానీ, మిగతా ఫీజు అక్కడ కూడా అమ్మానాయనలే కట్టినారు. టీవీల్లో, టికెట్లలో కోట్లు తిరిగినా 2021 దాకా తన పేరు మీద పిల్లోడు పైసా సంపాదించేదానికి లేదు. అవన్నీ వాళ్ల తప్పులు, మనకి వద్దు. మనకి కావాల్సింది ఆ శుక్ర, శని, ఆది వారాల పద్ధతి. ఇంకొకటి కూడా చూడండి. సీజన్లో వారానికి 20 గంటలకి మించి ఆటకి వాడకూడదని అక్కడ నిబంధన. మార్కులు తగ్గితే జట్టులో చోటు పోతుంది. నాలుగేండ్ల కాలేజీలో చేరినోణ్ని మూడేండ్లు నిండేదాకా, లేకుంటే 21 ఏండ్లు వచ్చేదాకా పెద్ద జట్లు ముట్టుకోకూడదు. ఆటనీ చదువునీ ఒకే కొట్టంలో కట్టేసినారు.

మన దగ్గర ఆ రెండిటినీ ఎప్పుడూ వేరే వేరే చేసినాము. ఎర్రాపల్లి ప్రసన్న కథ పెద్దవాళ్లకి తెలిసే ఉంటుంది. 1962లో మద్రాసులో ఇంగ్లండ్ మీద మొదటి టెస్టు, అదే ఏడాది వెస్టిండీస్ పర్యటన. ఆ పైన మైసూరులో ఇంజనీరింగ్ ముగించేదానికి ఆట పక్కన పెట్టినాడు. మళ్లీ టెస్టు ఆడింది 1967లో. కడకి 49 టెస్టుల్లో 189 వికెట్లు తీసినాడు, సరే. 21 నించి 26 ఏండ్ల దాకా పోయిన ఆ కాలాన్ని ఎవరిస్తారు? మనకి నలభై కిలోమీటర్ల దూరంలో బెంగళూరులో కుంబ్లే ఇంజనీరింగ్ చదువుతూనే 1990లో టెస్టు ఆడినాడు. అంటే రెండూ చేసేదానికి అవుతుంది. కాలేజీకీ ఇంటికీ మనసుండాల. లేకుంటే భారమంతా ఒక్క ఇంటి మీదే పడుతుంది. విశాఖ నితీశ్ కుమార్ రెడ్డి 2024 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో సెంచరీ కొట్టినప్పుడు స్టాండులో ఏడ్చిన ఆ తండ్రిని అందరం చూసినాము. కొడుకు ఆట కోసం ఆయన హిందుస్థాన్ జింక్ ఉద్యోగం వదిలేసినాడు. అందరం చేతులెత్తి మొక్కినాము. మన పక్క సిప్‌కాట్‌లో షిఫ్టు పని చేసుకొనే తండ్రి ఎవరైనా ఆ పని చెయ్యగలడా? చెయ్యమని అడిగేదానికి మనకి హక్కుందా?

కాలేజీల ఆట మన దేశంలో కొత్తదేమీ కాదు. విశ్వవిద్యాలయాల మధ్య రోహింటన్ బారియా ట్రోఫీ 1935 నించి ఉంది. గవాస్కర్, వాడేకర్ అట్ల బొంబాయి విశ్వవిద్యాలయానికి ఆడి వచ్చినవాళ్లే. విశ్వవిద్యాలయాల జోనల్ జట్లు ఆడే కప్పు పేరు విజ్జీ ట్రోఫీ. ఆ విజ్జీ మన విజయనగరం రాజవంశం మనిషి. 1936లో ఇంగ్లండులో కెప్టెన్‌గా ఆయన చేసిన రాజకీయం సంగతి ఇప్పుడు వద్దులెండి. కుర్రాళ్ల ఇంకో కప్పుకి కల్నల్ సి.కె.నాయుడు పేరు, అదీ తెలుగు కుటుంబమే. కప్పుల మీద మన పేర్లు ఉండాయి, కింద ఆడే జాబితాలో మన పక్క పిల్లకాయలు యాడ? మన జిల్లా ఆర్ట్స్ కాలేజీలు సేలం పెరియార్ విశ్వవిద్యాలయం కింద, ఇంజనీరింగ్ కాలేజీలు అన్నా విశ్వవిద్యాలయం కింద ఉండాయి. ఆ జట్లలో చోటు కావాలంటే లెదర్ బంతితో ఆడిన అలవాటు ఉండాల. నిరుడు ఒక పిల్లోడు ఎంపికకి పోయి వచ్చినాడు. పేరూ వద్దు, కాలేజీ పేరూ వద్దు. రెండు దినాలు క్లాసు పోయిందని వాణ్ని హెచ్చరించినారు. వాడు ఏడాది మొత్తం మీద లెదర్ బంతితో ఆడింది నాలుగు ఆటలని నాకే చెప్పినాడు. నాలుగు ఆటలతో ఎవడు ఎంపికవుతాడు?

అందుకని నా లెక్క ఇది. నాలుగు జట్లు: హోసూరు, డెంకణికోట, శూలగిరి, కృష్ణగిరి. కాలేజీలో చదివేవాళ్లే ఆడాల. ఒక్కో జట్టు మిగతా మూడింటితో వరసగా మూడేసి తూర్లు ఆడుతుంది. మొత్తం 18 ఆటలు, జట్టుకి తొమ్మిది. రెండు మైదానాలు దొరికితే తొమ్మిది ఆదివారాల్లో అయిపోతాయి. సంక్రాంతి దాటిన ఆదివారం మొదలుపెడితే, దాదాపుగా ఉగాది లోపలే ముగుస్తుంది, సెమిస్టర్ పరీక్షలకీ అడ్డం రాదు. లెదర్ బంతి, ముప్పై ఓవర్లు. ఫైనల్ వద్దు, పట్టికలో పైన ఉన్నోళ్లకే కప్పు. ఖర్చంటారా, నిరుడు స్టేజీకీ ఫ్లెక్సులకీ శాలువాలకీ అయిన దాంట్లో సగం చాలు. శాలువాలు నాకూ రెండు వచ్చినాయి, బీరువాలో ఉండాయి.

ఆడపిల్లలకి కూడా జట్లు ఉండాల. ఈ ఏడాదే నాలుగు జట్లు కూడకపోవచ్చు, రెండయినా మొదలుపెట్టండి. అమెరికాలో 1972 చట్టం వచ్చినాకే కాలేజీలు ఆడపిల్లల ఆటలకి చోటిచ్చినాయి. మనం చట్టం కోసం కాచుకోని ఉండాల్సిన పని లేదు. 2025లో ప్రపంచకప్ గెలిచిన జట్టులో శ్రీచరణిది కడప జిల్లాలో ఒక పల్లె.

పెద్దాయన ఒకరు ఫోన్ చేసి, ‘మనది భాషా సంఘమా, క్రికెట్ క్లబ్బా?’ అన్నారు. అడగాల్సిన ప్రశ్నే. 2006 చట్టం వచ్చినప్పటి నించి బడుల్లో తెలుగు కోసం మనం తిరగని ఆఫీసు లేదు, ఎక్కని కోర్టు లేదు. అది ఆగకూడదు. అయితే మన మీటింగు హాలు చూడండి. ముందు వరస నించి కడ వరస దాకా తెల్ల తలకాయలే, నాదీ కలిపి. బడిలో తెలుగు చదివిన బిడ్డ కాలేజీకి పోతానే మన చెయ్యి దాటిపోతా ఉంది. తొమ్మిది ఆదివారాలు వాడు మైదానంలో ఉంటే, మైకులో స్కోరు తెలుగులో చెబితే, పట్టిక తెలుగులో రాసి పెడితే, మధ్యాహ్నం అందరూ ఒక చోట కూచొని సంగటి తింటే, వాడితో మనం మాట్లాడేదానికి తొమ్మిది మధ్యాహ్నాలు దొరుకుతాయి. జట్టులో తమిళ పిల్లకాయలూ, కన్నడ పిల్లకాయలూ, ఉర్దూ పిల్లకాయలూ ఉండనీండి. వాళ్లూ నాలుగు తెలుగు ముక్కలు నేర్చుకొని పోతారు.

వచ్చే నెల మీటింగులో దీన్ని చర్చకి పెట్టమని కార్యదర్శికి చీటీ ఇచ్చినాను. డెంకణికోట పక్క మైదానం ఎవరైనా చూసి పెట్టండి; రోలరు ఉంటే ఇంకా మేలు. అంపైర్లు నలుగురు కావాల, ఊరికే వద్దు, బత్తా ఇద్దాము. స్కోరు పుస్తకం రాసేదానికి నేను తయారు. రెండో మైదానానికి ఇంకొకరు కావాల, తెలుగు అంకెలు వచ్చినోళ్లయితే సంతోషం.